బాక్సర్ రికార్డును చదవడం ఎలా? లారీ హోమ్స్ 69–6

నమస్కారం. విజయవాడలో మా దగ్గర బాక్సింగ్ సాధన చేసే పిల్లలు ఏ ఛాంపియన్ పేరు విన్నా ముందుగా అడిగేది ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు అనే. అయితే ఆ రెండు అంకెలు ఏ క్రమంలో వచ్చాయో చూడకపోతే అసలు సంగతి తప్పిపోతుంది. అందుకు ఈరోజు హెవీవెయిట్ ఛాంపియన్ లారీ హోమ్స్ రికార్డును చదువుదాం.

తెరమీద చూడండి: 75 పోటీలు, 69 గెలుపులు, 6 ఓటములు, 44 నాకౌట్లు. ఇక్కడ నాకౌట్ అంటే ప్రత్యర్థి పడి లేవకపోవడం మాత్రమే కాదు. రెఫరీ మధ్యలో ఆపినవీ, దెబ్బలు చూడలేక శిక్షకుడే ఆపించినవీ ఆ లెక్కలోకే వస్తాయి. 1980 అక్టోబరులో మహమ్మద్ అలీ మీద హోమ్స్ గెలుపు అటువంటిదే. పదో రౌండ్ ముగిశాక అలీ శిక్షకుడు ఏంజెలో డండీ పోటీని ఆపించాడు. ఒకప్పుడు అలీకి సాధనలో తోడుగా నిలిచినవాడే హోమ్స్. అందుకే నాకు ఆ గెలుపును సంతోషంగా చెప్పబుద్ధి కాదు.

ఇప్పుడు 1978 జూన్ 9 దగ్గర ఆగుదాం. కెన్ నార్టన్‌తో 15 రౌండ్లు సాగిన ఆ పోటీలో ముగ్గురు న్యాయనిర్ణేతలూ 143–142 అనే వేశారు. ఇద్దరు హోమ్స్‌కు, ఒకరు నార్టన్‌కు. డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) ఛాంపియన్ బెల్టు చేతులు మారింది ఆ ఒక్క పాయింటుతోనే. మరుసటి ఏడాది ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో హోమ్స్‌ను నేలకు కొట్టినా, అతడు లేచి, తన ఎడమచేతి జాబ్‌తో (చేయి సూటిగా చాచి వేగంగా కొట్టే దెబ్బతో) నిలదొక్కుకొని, పదకొండో రౌండులో గెలిచాడు. రికార్డులో ఇది కూడా ఒక గెలుపుగానే కనిపిస్తుంది, పడిన సంగతి కనిపించదు.

ఇక ఓటములు. వరుసగా 48 గెలిచిన హోమ్స్, ఇంకొక్కటి గెలిస్తే, ఒక్కసారీ ఓడకుండా తప్పుకున్న పాత హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో 49–0ను అందుకునేవాడు. 1985 సెప్టెంబరు 21న, సరిగ్గా మార్సియానో చివరి పోటీ జరిగి 30 ఏళ్లయిన రోజున, మైకేల్ స్పింక్స్ అతణ్ని పాయింట్ల మీద ఓడించాడు. అప్పటికి హోమ్స్ వయసు 35. ఆరు ఓటముల పక్కనా వయసు రాసుకుంటూ వెళ్లండి: స్పింక్స్‌తో రెండు, 38 ఏళ్లప్పుడు టైసన్, 42కి హోలీఫీల్డ్, 45కి మెక్‌కాల్, 47కి నీల్సన్. వీటిలో నాకౌట్ ఒక్కటే, అది 21 ఏళ్ల టైసన్ నాలుగో రౌండులో కొట్టినది.

కాబట్టి 69–6ను 48–0, 21–6 అని రెండు ముక్కలుగా రాసుకోండి. రెండో ముక్కలోనే 1992 ఫిబ్రవరిలో, 42 ఏళ్ల వయసులో, అప్పటివరకు ఓటమి ఎరుగని రే మెర్సర్‌ను పాయింట్ల మీద ఓడించిన పోటీ ఉంది. 2002లో 52 ఏళ్లకు ఆడిన ఆఖరి పోటీని కూడా హోమ్స్ గెలిచాడు.