గైడ్ రన్నర్ చేతిలో తాడు: ఎంత పొడుగుండాలె, ఏం మాట్లాడాలె, ఎక్కడ తప్పుతది

అందరికీ నమస్తే. చూపు లేనివాళ్లు ట్రాక్ మీద ఉరుకుతుంటే పక్కన ఇంకొకరు తాడు పట్టుకుని ఉరుకుతరు గదా, ఆ గైడ్ పని గురించి ఈ వీడియో. ఎక్కువ మంది అడిగేది ఒకటే: చెయ్యి పట్టుకుంటే అయిపోదా, తాడెందుకు?

చెయ్యి పట్టుకుని ఒక యాభై అడుగులు ఉరికి చూడుండ్రి. ఇద్దరి భుజాలు బిగుసుకుపోతయి, చెయ్యి ఊపుడు ఆగిపోతది, చెమటకు పట్టు జారుతది. చెయ్యి ఊగకపోతే కాలు సాగదు. తాడుంటే ఎవరి చెయ్యి వాళ్లకు ఊగుతది, పక్కోని కదలిక మాత్రం వేళ్లకు తెలుస్తనే ఉంటది. గైడ్ ఎటు తిరుగుతున్నడు, వేగం పెంచుతున్నడా తగ్గిస్తున్నడా, ఇదంతా మాట కంటే ముందు తాడే చెప్తది.

తాడుకు పెద్ద ఖర్చేం లేదు. సాగని నూలు బూటు నాడ చాలు. రెండు కొసలకు వేళ్లు పట్టేంత ఉంగరం లెక్క ముడి వెయ్యాలె. ట్రాక్ పోటీల తాడు 30 సెంటీమీటర్లు దాటొద్దు. సాగే ఎలాస్టిక్ అసలే పనికిరాదు. అది ముందు సాగి తర్వాత గుంజుతది, అథ్లెట్‌కు ఆలస్యంగ, తప్పుడు కబురు పోతది. మణికట్టుకు బిగించి కట్టొద్దు. ఒకరు పడితే ఇద్దరూ పడతరు.

ఇగ అడుగు. చిన్నప్పుడు బడిల మూడు కాళ్ల పరుగు ఆడినోళ్లకు ఇది తొందరగ వస్తది. గైడ్ అథ్లెట్‌కు కుడిపక్కన ఉన్నడనుకుందాం. అథ్లెట్ కుడి చెయ్యి, గైడ్ ఎడమ చెయ్యి ఒక్క తాడు మీద ఉంటయి, రెండూ ఒకేసారి ముందుకు రావాలె. అట్లయితే బయటి కాళ్లు రెండూ ఒకసారి, లోపలి కాళ్లు రెండూ ఒకసారి పడతయి. ఒకరిని చూసి ఒకరు అద్దంల ఉరికినట్టు. కొత్త గైడ్‌లు చేసే మొదటి తప్పు, తమ అడుగుకు అథ్లెట్‌ను రమ్మనడం. మారాల్సింది గైడే. అథ్లెట్ అడుగు పొట్టిదయితే గైడ్ పొట్టి చేసుకోవాలె. మొదటి వారం ఉరుకుడే వద్దు. నడక, తర్వాత వేగంగ నడక, ఆ తర్వాత వంద మీటర్ల మెల్లటి పరుగు. అడుగుల చప్పుడు వినుండ్రి. రెండు జతల బూట్లది ఒక్కటే చప్పుడు వినిపిస్తే కుదిరినట్టు.

గైడ్ అథ్లెట్ కంటే వేగంగ ఉరికేటోడే కావాలె. ఎందుకో లెక్క చూద్దాం. వంపుల గైడ్ బయటి పక్కనుంటే, ఇద్దరి మధ్య అర మీటరు ఎడం అనుకుంటే, ఒక్క రౌండ్‌కు గైడ్ మూడు మీటర్ల పైన ఎక్కువ ఉరకాలె. 1500 మీటర్లకు అది దాదాపు 12 మీటర్లు. దానికి తోడు నోరు ఆడాలె. ఊపిరాడని గైడ్ చివరి రౌండ్‌ల మూగబోతడు, సరిగ్గ అప్పుడే మాట ఎక్కువ అవసరం. అందుకే 5000, ఆ పై దూరాలకు ఇద్దరు గైడ్‌లకు అవకాశం ఉంటది.

చూపు ఎంత ఉందో బట్టి పోటీలల్ల క్లాస్‌లు ఉంటయి, ఆ సంగతి ఒక్క ముక్కల చెప్త. టి11ల దాదాపు పూర్తిగ చూపు లేనివాళ్లు. కొందరికి కొద్దిగ వెలుతురు తెలుస్తది కాబట్టి అందరూ సమానంగ కళ్లకు గంతలు కట్టుకోవాలె, గైడ్ తప్పనిసరి. టి12ల కొద్దిగ చూపు ఉన్నవాళ్లు, గైడ్ వాళ్ల ఇష్టం. టి13ల ఇంకొంచెం ఎక్కువ చూపు ఉంటది, గైడ్ ఉండడు. గైడ్‌తో ఉరికే జంటకు రెండు లేన్‌లు ఇస్తరు, అందుకే ఎనిమిది లేన్ల ట్రాక్ మీద నాలుగు జంటలే కనిపిస్తయి. 2024 పారిస్ పారాలింపిక్స్‌ల మన దేశపు సిమ్రన్ శర్మ 200 మీటర్ల టి12ల కాంస్యం తెచ్చింది, పక్కన గైడ్ అభయ్ సింగ్. 24.75 సెకన్ల పరుగు అది. అంత వేగంల ముచ్చట్లు ఉండయి. గైడ్ చెప్పేది వంపు అయిపోయింది, ఇంకెంత ఉంది, గీత దగ్గర ఛాతి ముందుకు వంగు. అంతే.

రోడ్డు మీద సాధన చేసేటోళ్లకు మాత్రం మాటే ప్రాణం. "జాగ్రత్త", "చూసుకో", ఈ రెండు మాటలు గైడ్ నోట్ల రావొద్దు. ఎందుకు జాగ్రత్త, ఎటు, ఎంత దూరంల? ఏం చెప్పినట్టు కాదు. వినంగనే అథ్లెట్ ఒళ్లంతా బిగపడతడు, అడుగు తప్పుతది. ముందు ఏముందో, తర్వాత ఎప్పుడో చెప్పాలె: "అన్నా, స్పీడ్ బ్రేకర్. మూడు, రెండు, ఒకటి, ఎక్కు." ఆ లెక్క అడుగులకు సరిపోవాలె. ముందు రోజే మాటలు ఖాయం చేసుకోవాలె, మధ్యల మార్చొద్దు.

నల్గొండ, మిర్యాలగూడ వైపు కోతల కాలంల రోడ్ల పక్కన వడ్లు ఆరబోస్తరు. కుప్పకు అంచుగ రాళ్లు పెడతరు, వడ్లెత్తినంక కొన్ని రాళ్లు అట్లనే మిగిలిపోతయి. వడ్ల మీద బూటు జారుతది, పరదా కొసకు కాలు తట్టుకుంటది. ఈ నెలలల్ల గైడ్ ఒక్కడే ముందురోజు ఆ దారిల నడిచి రావాలె. మట్టి గ్రౌండ్‌ల అయితే వాన పడ్డ తెల్లారి గుంతలు చూసుకోవాలె. ఎండాకాలం ఆరు దాటకముందే మొదలుపెడితే మంచిది. గంత చెమటకు తడిసి జారుతది, పొడిది ఇంకొకటి దగ్గర ఉంచుకోవాలె.

లాంగ్ జంప్‌ల తాడు ఉండదు. టి11 అథ్లెట్‌కు గైడ్ చప్పట్లు కొట్టో, పిలిచో దారి చూపిస్తడు. మామూలుగ కాలు పెట్టి ఎగిరే సన్నటి పలకకు బదులు మీటరు పొడుగు జాగా నుంచి ఎగరనిస్తరు. ఇక్కడ ఒక్క మనవి: మన ఊర్ల ప్రోత్సాహం అంటే ఈలలు, కేకలు. అథ్లెట్ పరుగు మొదలుపెట్టినప్పుడు మాత్రం దయచేసి చప్పుడు చెయ్యకుండ్రి. మీ చప్పట్లల్ల గైడ్ చప్పట్లు మునిగితే ఆ మనిషి ఇసుక గుంత పక్కన గట్టి నేల మీద పడతడు.

చివరికి ముగింపు గీత దగ్గర. గైడ్ అథ్లెట్‌ను గుంజొద్దు, నెట్టొద్దు, గీతను ముందు దాటొద్దు. ఇవన్నీ పతకం పోయే తప్పులే. వేగం మీదున్న గైడ్ ఛాతి తెలియకుండనే ముందుకు పోతది. కాబట్టి ఆఖరి ఐదారు మీటర్లల్ల తాడు చెయ్యి ముందుకు చాపి, తన ఒళ్లు అరడుగు వెనక ఉంచుకోవడం సాధనలనే అలవాటు చేసుకోవాలె. తాడు వదలడమూ తప్పే. 2024 పారిస్‌ల టి12 మహిళల మారథాన్‌ల స్పెయిన్ అమ్మాయి ఎలెనా కోంగోస్ట్ మూడో స్థానంల వస్తున్నది. గీతకు కొద్ది అడుగుల దూరంల గైడ్‌కు కాళ్లు పట్టేసి తూలిండు. పడిపోకుండ ఆపుదామని ఆమె ఒక్క క్షణం తాడు వదిలింది. ఆ రోజు అనర్హత వేసిండ్రు, కాంస్యం చేజారింది. నిబంధన నిబంధనే, కానీ ఆ శిక్ష ఎక్కువే అని మా అభిప్రాయం. పాఠం మాత్రం గైడ్‌లకే: దూరానికి తగ్గ సాధన మీకూ ఉండాలె, నీళ్లు మీరూ తాగాలె.

గీత దాటంగనే తాడు వదిలేసి గడియారం చూసే గైడ్‌లు ఉంటరు. వెనక జంటలు ఇంకా వేగంల వస్తుంటయి, అథ్లెట్‌కు అవి కనబడయి. ఇరవై మీటర్లు కలిసే మెల్లగయి, ఒక పక్కకు తీసుకపోయి, నిలబెట్టి, అప్పుడు చెప్పాలె: "అన్నా, కుడిపక్క మూడడుగులల్ల గోడ ఉంది, నీళ్ల సీసా దాని మీద పెట్టిన." ఆ తర్వాతనే తాడు ఇప్పాలె.