బ్యాంకు వాల్యుయర్ మీ ఇంటికి తక్కువ విలువ కట్టాడా?

[తెరపై: తిరుపతిలో ఒక సందు, రెండంతస్తుల ఇల్లు]

నమస్కారమండి. తిరుపతిలో 60 లక్షలకు ఇల్లు మాట్లాడుకున్నారు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు అనుకుందాం. బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చి, టేపు పట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లాడు. తర్వాత మేనేజర్ ఫోన్: "సార్, వాల్యుయేషన్ 52 లక్షలే వచ్చింది."

దెబ్బ ఎంతో చూడండి. లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు. 60 లక్షల మీద 48 లక్షలు వచ్చేవి. మామూలుగా బ్యాంకులు అగ్రిమెంట్ ధర, వాల్యుయేషన్ రెండింటిలో తక్కువదే చూస్తాయి కాబట్టి ఇప్పుడు 41 లక్షల 60 వేలే. మిగతా 6 లక్షల 40 వేలు మీరే సర్దుకోవాలి. ఎవరికైనా టెన్షనే.

అయితే బ్యాంకుకు వెళ్లి "మా వీధిలో ఇంతకంటే ఎక్కువే పలుకుతోంది సార్" అంటే పని జరగదు. రిపోర్టులో ఏ లైను తప్పో పట్టుకోవాలి. కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. వాల్యుయేషన్ ఫీజు కట్టేది సాధారణంగా మనమే, మొహమాటం ఎందుకు?

[తెరపై: రిపోర్టు పేజీ, స్థలం విస్తీర్ణం, రేటు ఉన్న గడులు దగ్గరగా]

ముందు ఈ రెండు గడులు చూడండి. తిరుపతిలో స్థలాల బేరమంతా అంకణాల్లోనే. ఇక్కడ అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 2022లో నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట కూడా తిరుపతి జిల్లాలో కలిసింది కాబట్టి ఒకే జిల్లాలో రెండు లెక్కలు నడుస్తున్నాయి. మన అంకణం రేటును 4తో కాకుండా 8తో భాగించి గజం రేటు రాశారంటే స్థలం విలువ సగానికి పడిపోయినట్టే! 40 అంకణాల స్థలం రిపోర్టులో 160 గజాలుగా ఉందా లేదా, దస్తావేజు పక్కన పెట్టుకుని సరిచూడండి.

తర్వాత ఇంటి వయసు. 2015లో కట్టిన ఇంటిని 2005 అని రాస్తే పదేళ్ల తరుగుదల అనవసరంగా పోతుంది. ప్లాన్ కాపీ, మొదటి ఇంటిపన్ను రసీదు దీనికి సాక్ష్యం.

పై అంతస్తుకు ప్లాన్ లేదనుకోండి, దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వాల్యుయర్ తప్పు కాదు. దాని మీద వాదన పెట్టుకోకండి. సర్వే నంబరు దేవుడి మాన్యంగానో మఠం భూమిగానో 22-ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉంటే అసలు కొనుగోలే ఆపాలి. అప్పుడు విలువ గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఇక చుట్టుపక్కల ధరలు. ఇక్కడే మన అలవాటు మనల్ని ముంచుతుంది. చాలామంది గవర్నమెంట్ వాల్యూకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. ఆ దస్తావేజులు తీసుకెళ్తే మీ ఇంటి ధర ఇంకా తగ్గుతుంది. అదే వీధిలో, అంతే వెడల్పు రోడ్డు మీద, ఈ మధ్య లోన్‌తో పూర్తి ధరకు రిజిస్టర్ అయిన ఇల్లు వెతకండి. అలాంటి దస్తావేజు నకలు ఒక్కటి దొరికినా మీ మాటకు బలం వస్తుంది.

ఇవన్నీ జతచేసి ఒక్క పేజీ లెటర్ ఇవ్వండి: ఫలానా గడిలో ఫలానా తప్పు, ఇదిగో కాగితం, మళ్లీ చూడండి, లేదా బ్యాంకు ప్యానెల్‌లోని (బ్యాంకు గుర్తించిన వాల్యుయర్ల జాబితా) మరో వాల్యుయర్‌ను పంపండి. తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. మీరు సొంతంగా తెచ్చుకున్న రిపోర్టును బ్యాంకు ఒప్పుకోవాలని లేదు. 30 రోజులైనా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కానీ లోన్ ఎంతివ్వాలనేది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ తలదూర్చరు.

అన్నీ చూశాక 52 లక్షలే న్యాయమైన ధర అని తేలొచ్చు కూడా. అప్పుడు ఆ రిపోర్టు పట్టుకుని అమ్మేవాళ్ల దగ్గరికే వెళ్లి మళ్లీ బేరం పెట్టండి. ఇంకా అగ్రిమెంట్ రాసుకోని వాళ్లైతే, "కోరినంత లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి" అనే షరతు రాయించాకే డబ్బు చేతిలో పెట్టండి.