లీకా, లెక్కా? ‘రబ్బర్ సోల్’ బాక్స్ సెట్ మీద స్టూడియో చర్చ

(ప్రోగ్రామ్ ఆడియో విని టైప్ చేసింది. ముగ్గురు నలుగురు ఒకేసారి మీద పడిన చోట వినపడినంతే రాశాను, తప్పులుంటే తిట్టకండి.)

యాంకర్: నమస్కారం. ఒక కుర్రాడు పెట్టిన ఒకే ఒక్క పోస్టు. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1965 ఆల్బమ్ ‘రబ్బర్ సోల్’కి, పాత స్టూడియో టేపులు కూడా కలిపి, పెద్ద బాక్స్ సెట్ వస్తే అందులో ఏముంటుందో డిస్కుల వారీగా లిస్టు రాసి, అట్ట బొమ్మ కూడా తనే డిజైన్ చేసి పెట్టాడు. జనం అది కంపెనీ లిస్టే బయటికొచ్చేసిందనుకుని ఫార్వర్డ్ చేసేశారు, తీరా అంచనా మాత్రమే అని తెలిసేసరికి తిట్లు మొదలు. ఇది అభిమానమా, మోసమా, అన్నిటికంటే ముఖ్యంగా ఇందులో ఏఐ పాత్ర ఎంత? ఆ అభిమాని మనతోనే ఉన్నారు, ఒక రికార్డుల కలెక్టర్ గారు, ఒక సౌండ్ ఇంజనీర్ మేడమ్, కాపీరైట్ చూసే ఒక లాయర్ గారు ఉన్నారు. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను, అది నా మాట. ముందు అభిమాని గారూ, ఏఐతో చేశారా లిస్టు?

అభిమాని: లేదండీ. పోస్టు మొదటి లైన్లోనే ‘నా అంచనా’ అని రాశాను. ఆ లైన్ కోసేసి స్క్రీన్‌షాట్ తిప్పారు. లిస్టు ఎక్కడినుంచి వచ్చిందంటే, ఈ ఆల్బమ్ 1965 అక్టోబర్ 12న మొదలై నవంబర్ 11న అయిపోయింది, ఏ రోజు ఏ పాట, ఎన్ని టేకులు, అంటే ఎన్నిసార్లు రికార్డ్ చేశారు అన్నది, బీటిల్స్ చరిత్ర రాసే మార్క్ లూయిసన్ పుస్తకంలో 1988 నుంచీ అచ్చులో ఉంది. అది ముందు పెట్టుకుని ఇంతకుముందు వచ్చిన సెట్లు ఎలా కట్టారో చూస్తే...

కలెక్టర్: బాబూ ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగు. నేను వీళ్ళ రికార్డులు నలభై ఏళ్ళ నుంచి కొంటున్నా. పాత ఎల్పీ కొన్నా, 1987లో సీడీ వస్తే కొన్నా, 2009లో మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే మిక్సుల బాక్స్ కొన్నా. అదే పద్నాలుగు పాటలండీ! అవే పాటలు మళ్ళీ మళ్ళీ అమ్ముతుంటే అడిగేవాడు లేడు, ఈ పిల్లాడేమో వాళ్ళు అడక్కుండానే ఫ్రీగా ప్రచారం చేసి పెడుతున్నాడు.

యాంకర్: అంటే దోపిడీ అంటారు.

కలెక్టర్: నేననలేదు. మీరన్నారు. కానీ కరెక్టే.

ఇంజనీర్: అవే పాటలు అనకండి సర్, మిక్స్ వేరు, అంటే గొంతులు, వాయిద్యాలు కలిపిన తీరు వేరు. 1965లో వీళ్ళు ఫోర్ ట్రాక్ మెషీన్ మీద, అంటే టేపు మీద నాలుగే వరసలుండే దాని మీద రికార్డ్ చేశారు. అప్పటి స్టీరియోలో ఈ ఆల్బమ్ వినేటప్పుడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేయండి. కుడివైపుది ఉంచితే ఎక్కువగా పాడేవాళ్ళే వినపడతారు, ఎడమవైపుది ఉంచితే డ్రమ్స్, బాస్, గిటార్ ఒకే కుప్పగా ఉంటాయి, గొంతు ఎక్కడో పక్క గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎందుకంటే డ్రమ్స్ ఒక ట్రాక్ మీద, బాస్ ఇంకోదాని మీద అని విడివిడిగా లేవు, అన్నీ కలిపి ఒకే ట్రాక్ మీద పడిపోయాయి, దాన్ని విడదీసే దారే లేదు అప్పుడు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ టీమ్ బీటిల్స్ మీద ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ కోసం చేసిన ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చాకే ఆ ట్రాక్ లోంచి డ్రమ్స్ వేరుగా, గిటార్ వేరుగా లాగడం కుదిరింది. 2022లో వీళ్ళ 1966 ఆల్బమ్ ‘రివాల్వర్’ని నిర్మాత జైల్స్ మార్టిన్ అలాగే రీమిక్స్ చేశాడు. దానికి ముందు ఆల్బమ్ ఇదే కాబట్టి...

యాంకర్: చూశారా! ఏఐ! నేను మొదట్నుంచీ అదే అడుగుతున్నా. అంటే రేపు మనం వినేది బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ గొంతా, మెషీన్ గొంతా?

ఇంజనీర్: జాన్ లెనన్ గొంతే. అది కొత్తగా ఏదీ పుట్టించదు, కలిసిపోయింది విడదీస్తుందంతే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అనుకోండి.

యాంకర్: ఆ ఏరేది ఏఐ కదా మేడమ్.

ఇంజనీర్: ఏరేది ఏదైనా బియ్యం అవే కదండీ.

కలెక్టర్: అమ్మా, నువ్వు బియ్యం అన్నావు కాబట్టి చెప్తా, నాకు మోనో చాలు. ఆ రోజుల్లో వాళ్ళు కూర్చుని శ్రద్ధగా చేసింది మోనో మిక్సే, స్టీరియో ఏదో మొక్కుబడికి చేశారు. పోనీ స్టీరియో అయినా సరిగ్గా ఇచ్చారా, 1987 సీడీకి వాళ్ళ నిర్మాత జార్జ్ మార్టిన్ మళ్ళీ మిక్స్ చేశాడు, అసలు 1965 స్టీరియో వినాలంటే 2009లో మోనో బాక్స్ కొనాల్సొచ్చింది. మోనో బాక్స్‌లో స్టీరియో! ఇదెక్కడి న్యాయం?

అభిమాని: సర్ చెప్పింది నిజమే, అందుకే నా లిస్టులో నాలుగో డిస్కు మోనోకే...

కలెక్టర్: (మధ్యలోనే) నీ లిస్టులో ‘కార్నివల్ ఆఫ్ లైట్’ ఉందా? లేదు! చూశా నేను. దాదాపు పద్నాలుగు నిమిషాల రికార్డింగ్, ఇంతవరకు విడుదలే చెయ్యలేదు, అది లేకుండా పెట్టె ఎందుకు?

అభిమాని: అది 1967 జనవరి 5న చేసింది సర్. ఇది 1965 ఆల్బమ్.

కలెక్టర్: అయితే 2017లో వాళ్ళ 1967 ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్’ సెట్‌లో ఎందుకివ్వలేదు? 1996లో పాత టేపుల సంకలనం ‘ఆంథాలజీ’లో పెడదామని బ్యాండ్‌లో మెకార్ట్నీ అంటే ఇంకో సభ్యుడు హారిసన్ వద్దన్నాడు. సరే అప్పుడు హారిసన్, ఇప్పుడెవరు వద్దంటున్నారు? వైట్ ఆల్బమ్‌లోని ‘హెల్టర్ స్కెల్టర్’ పాట చూడండి, 1968 జూలై 18న ఇరవై ఏడు నిమిషాలు వాయించారు, ఏకబిగిన! 2018లో వైట్ ఆల్బమ్ సెట్ ఏడు డిస్కులు తెచ్చారు, అందులో ఏమిచ్చారు, పన్నెండు నిమిషాల ఇంకో టేకు. ఇరవై ఏడు నిమిషాలది ఇవ్వలేదు. ఊరించి ఊరించి చివర్లో విస్తరి లాగేసుకున్నట్టు.

(ఇక్కడ ఓ నిమిషం పాటు అందరూ మాట్లాడారు. ‘పన్నెండు కాదు, పన్నెండు యాభై మూడు’ అన్నది మాత్రం అభిమాని గొంతు.)

యాంకర్: లాయర్ గారూ, మీరు ఇంతవరకు నోరు విప్పలేదు. ఏఐతో విడదీసిన పాటకి కాపీరైట్ ఎవరిది?

లాయర్: నేను వచ్చింది వేరే పాయింట్ మీదండీ. అసలు పాత టేపులు ఎందుకు బయటికొస్తాయన్నది ఈ అబ్బాయి పోస్టులో రాశాడు, కానీ సగమే రాశాడు. యూరప్‌లో 2011లో రూల్ మార్చారు, రికార్డింగులకి రక్షణ యాభై ఏళ్ళ నుంచి డెబ్బైకి పెంచారు. కానీ యాభై ఏళ్ళలోపు విడుదల చెయ్యకుండా బీరువాలో పెట్టుకున్నదానికి ఆ పెంపు లేదు. అందుకే 2012 చివర్లో అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పాత రికార్డింగులు ఓ వంద కాపీలు మాత్రం వేసి, అట్ట మీదే కాపీరైట్ పొడిగింపు కోసం అన్నట్టు పేరు పెట్టారు. బీటిల్స్‌వి 1963 నాటి 59 ట్రాకులు 2013 డిసెంబర్లో ఐట్యూన్స్‌లో పెట్టారు.

అభిమాని: నేను రాసింది అదే కదండీ.

లాయర్: నువ్వు ఆ భయంతోనే ఈ సెట్ కూడా తెస్తారని రాశావు. 1965 టేపుల గడువు 2015తోనే పోయింది కదయ్యా. ఇప్పుడు భయం దేనికి? హక్కు పోయినా టేపు వాళ్ళ దగ్గరే ఉంది, టేపు లేనివాడు హక్కు లేకపోయినా ఏం చేస్తాడు?

అభిమాని: ...ఆ పాయింట్ నాకు తట్టలేదు. ఒప్పుకుంటా.

కలెక్టర్: ఆ! ఒప్పుకున్నాడు! రాసుకోండి, లిస్టు తప్పని ఒప్పుకున్నాడు.

అభిమాని: లిస్టు కాదు సర్, కారణం ఒక్కటి తప్పన్నా. లిస్టు వేరు...

యాంకర్: ఒప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నా, అట్ట బొమ్మ మాత్రం ఏఐ కదా?

అభిమాని: కాదండీ, నేనే కూర్చుని చేశా. ఒక్కసారి లిస్టు గురించి చెప్పనివ్వండి. ‘నార్వేజియన్ వుడ్’ అక్టోబర్ 12న ఒకసారి చేశారు, నచ్చక 21న మళ్ళీ మొదటినుంచి చేశారు, మొత్తం నాలుగు టేకులు, నాలుగూ వస్తాయని నా అంచనా. ‘ఐయామ్ లుకింగ్ త్రూ యూ’ మూడుసార్లు తిరగరాసినట్టు చేశారు, మూడూ ఉండాలి. నవంబర్ 4న పాట లేకుండా ఉత్త వాయిద్యాలతో ‘12-బార్ ఒరిజినల్’ అని ఆరున్నర నిమిషాలు వాయించారు, 1996లో మూడు నిమిషాలకి కత్తిరించి ఇచ్చారు, ఈసారి పూర్తిగా ఇవ్వాలి. ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైంది నవంబర్ 8...

యాంకర్: ‘నార్వేజియన్ వుడ్’ అంటే సితార్ ఉన్న పాట కదా! అది రవిశంకర్ గారి దగ్గర నేర్చుకుని వాయించిందే కదా?

ఇంజనీర్: కాదండీ. హారిసన్ సినిమా షూటింగ్‌లో సితార్ చూసి, ఏదో చవకది కొనుక్కుని తనకి తోచినట్టు మీటాడు. రవిశంకర్ గారిని కలిసింది 1966లో, ఈ పాట వచ్చేశాకే.

కలెక్టర్: సితార్ సంగతి ఎత్తారు కాబట్టి... (సితార్ మీద, తర్వాత పాత రికార్డు ప్లేయర్ ముళ్ళ మీద మూడు నిమిషాలు పైగా మాట్లాడారు. వదిలేశాను.) ...అందుకని డిలన్‌ని చూసి నేర్చుకోవాలి. 1965, 66 రికార్డింగులు 2015లో పద్దెనిమిది సీడీల్లో ఇచ్చేశాడు, ఒక పాటకి ఎన్ని టేకులుంటే అన్నీ. వీళ్ళకేం రోగం?

అభిమాని: అక్కడే తేడా సర్. డిలన్ బ్యాండ్‌తో కలిసి పాట మొత్తం పాడతాడు, నచ్చకపోతే మళ్ళీ మొదటినుంచి, కాబట్టి ప్రతి టేకూ ఒక కొత్త పాటలా ఉంటుంది. వీళ్ళు అప్పటికే ఒక మంచి టేకు పట్టుకుని దాని మీదే ఒకటొకటిగా అతికిస్తూ పోతున్నారు. ‘గర్ల్’కి రెండే టేకులు. ‘ఇన్ మై లైఫ్’కి మూడు. పద్దెనిమిది డిస్కులు కావాలన్నా టేపే లేదు. అందుకే నేను ఐదు డిస్కులని రాశా, అందులోనూ సెషన్స్‌కి, అంటే స్టూడియో టేకులకి, రెండే. జనం నన్ను తిట్టింది కూడా తక్కువ రాశాననే.

ఇంజనీర్: ఇది మాత్రం కరెక్ట్. ‘ఇన్ మై లైఫ్’ అక్టోబర్ 18న పాడేశారు, మధ్యలో సోలో కోసం ఖాళీ వదిలారు. నాలుగు రోజులకి జార్జ్ మార్టిన్ టేపుని సగం స్పీడ్‌లో తిప్పి, ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి కింద నెమ్మదిగా పియానో వాయించాడు. మామూలు స్పీడ్‌లో పెట్టేసరికి పియానో లాంటి పాతకాలపు వాయిద్యం హార్ప్సికార్డ్‌లాగా చకచకా మోగింది. ఆ ఖాళీ ఖాళీగానే ఉన్న టేకు వింటే చాలు నాకు, డబ్బులిచ్చేస్తా.

కలెక్టర్: ఖాళీకి డబ్బులిస్తుందట! ఇదండీ పరిస్థితి. ఖాళీ అమ్మినా కొంటారు వీళ్ళు.

(నవ్వులు)

యాంకర్: బాగా చెప్పారు సర్. సరే, అమెరికా ఆల్బమ్ వేరేగా ఉండేదట?

అభిమాని: అవునండీ, అక్కడ క్యాపిటల్ కంపెనీ నాలుగు పాటలు తీసేసి ‘హెల్ప్’ ఆల్బమ్ పాటలు రెండు కలిపి పన్నెండుతో వేసింది. అది పెడతారా లేదా అన్నది నాకూ డౌటే, ప్రశ్న గుర్తు పెట్టా. కానీ నవంబర్ 8 టేపు గురించి...

కలెక్టర్: ‘రివాల్వర్’ సెట్‌లో బ్లూ-రే కూడా ఇవ్వలేదు! అంతకుముందు వాటికి ఇచ్చారు, దానికి ఎగ్గొట్టారు. నీ లిస్టులో బ్లూ-రే ఉందా?

అభిమాని: లేదు సర్, ‘రివాల్వర్’ లాగే...

కలెక్టర్: చూశారా, వాడే అలవాటు చేస్తున్నాడు వాళ్ళకి!

యాంకర్: సర్, రెండే నిమిషాలున్నాయి. మన ప్రేక్షకుల పోల్ చూద్దాం. ‘అవే పాటలు ఏఐ పూత పూసి మళ్ళీ అమ్మడం దోపిడీయేనా?’ అవునన్నవాళ్ళే ఎక్కువ ఉన్నారు. అంటే కలెక్టర్ గారు చెప్పిందే...

లాయర్: ప్రశ్న అలా అడిగితే అవుననే అంటారండీ.

ఇంజనీర్: ఈ అబ్బాయిని నవంబర్ 8 ఏంటో చెప్పనివ్వండి పాపం, మూడోసారి.

అభిమాని: థాంక్స్ మేడమ్. ఆ రోజు ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ రికార్డింగ్. బ్యాండ్‌లో ముగ్గురు మైక్ చుట్టూ నిలబడి గొంతులు కలపడం ప్రాక్టీస్ చేస్తుంటే, ఫ్యాన్ క్లబ్ క్రిస్మస్ రికార్డుకి ఏమన్నా పనికొస్తుందేమోనని టేపు ఆపకుండా తిరగనిచ్చారు. శ్రుతి తప్పడం, నవ్వుకోవడం, మళ్ళీ మొదలెట్టడం, అన్నీ పడ్డాయి. అందులోంచి కొన్ని సెకన్లు ‘యెల్లో సబ్‌మెరీన్’ సినిమాలో వాడారు. నాకు పాట కంటే ఆ తప్పు పాడిన...

యాంకర్: అది ఏఐతో శ్రుతి సరిచేస్తారా?

అభిమాని: సరిచెయ్యకూడదండీ! అదే కదా నేను...

కలెక్టర్: తప్పులు కూడా అమ్ముతారు, అదే నేను చెప్పేది. ఇరవై ఏడు నిమిషాలది మాత్రం ఇవ్వరు. ఇరవై ఏడు నిమిషాల పదకొండు సెకన్లు, నా దగ్గర లెక్కుంది, ఏకబిగిన వాయించింది, దాన్ని...

యాంకర్: సర్, టైమ్ అయిపోయింది...

కలెక్టర్: ...దాన్ని బీరువాలో పెట్టుకుని ఈ పిల్లాడి చేత లిస్టులు రాయించి...

అభిమాని: నా చేత ఎవరూ రాయించలేదండీ!

(ఆడియో ఇక్కడితో ఆగిపోయింది.)