తులంబెన్ ‘లిబర్టీ’: ఒడ్డు పక్కనే ఉందని తేలిగ్గా తీసుకోవద్దు

వ్యాఖ్యాత: బాలిలోని తులంబెన్ దగ్గర మునిగి ఉన్న అమెరికా సైనిక రవాణా నౌక ‘లిబర్టీ’ని చూడటానికి చేసే స్కూబా డైవింగ్ మీద ఈ రోజు చర్చ. మేడమ్, ఆ ఓడ ఒడ్డుకి అంత దగ్గరగా ఎలా వచ్చింది?

శిక్షకురాలు: 1942 జనవరిలో లాంబాక్ జలసంధిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలిందండీ. బాలి ఉత్తర తీరంలోని సింగరాజా రేవు వైపు లాక్కెళుతుంటే నీళ్లు బాగా చేరిపోయాయి. దాంతో తులంబెన్ తీరం మీదికే ఎక్కించేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రంలోకి జారింది. సుమారు 120 మీటర్ల ఓడ, నల్ల ఇసుక వాలు మీద పక్కకి ఒరిగి ఉంది. పైభాగం 5 మీటర్ల లోతులోనే ఉంటుంది, అడుగు 30 దాకా పోతుంది.

వ్యాఖ్యాత: పడవ కూడా అక్కర్లేదు కదా, నడిచి దిగొచ్చు.

శిక్షకుడు: ఆ నడకలోనే మొదటి దెబ్బ తగిలేది. ఒడ్డంతా గుండ్రటి రాళ్లు. వీపున సిలిండర్, నడుముకి సీసం బరువులు. కాలి కింద రాయి దొర్లిందంటే బోర్లా పడటమే. అందుకని మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్, అంటే గాలి అందించే గొట్టం, నోట్లో ఉంచుకుని, బీసీడీలో, అంటే తేలడానికి వాడే గాలి జాకెట్‌లో, కాస్త గాలి నింపుకుని దిగాలి. ఫిన్స్, అంటే కాళ్లకి తొడిగే ఈత రెక్కలు, చేత్తో పట్టుకెళ్లి, నడుం లోతు వచ్చాక తొడుక్కోవాలి. పడ్డారా, లేవడానికి తంటాలు పడొద్దు. పాక్కుంటూ లోతుకి పొండి, నీళ్లే మోస్తాయి.

వ్యాఖ్యాత: లోపల గాలి ఎంతసేపు వస్తుంది?

శిక్షకుడు: 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే 2,200 లీటర్లు. చివరి 50 బార్ ముట్టుకోకూడదు. మిగిలింది 1,650. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలు కాబట్టి 80 పీలుస్తాడు, 20 నిమిషాల్లో అయిపోతుంది. 10 మీటర్ల దగ్గర అదే గాలి 40 నిమిషాలు వస్తుంది. ముందు లోతైన వైపు చూసేసి మెల్లగా పైకి రావాలి.

శిక్షకురాలు: వాలు తెలియకుండానే కిందికి లాగుతుంది. 18 మీటర్ల లోతు అనుకుని చేపల వెంట పోయినవాళ్లు 27లో ఉంటారు.

వ్యాఖ్యాత: నైట్రాక్స్ వాడితే?

శిక్షకుడు: నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌తో అడుగున ఉండే వ్యవధి పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి మాత్రం పెరగదు. పైగా 33 మీటర్లు దాటితే ఆక్సిజనే ప్రమాదం, నీళ్లలోనే మూర్ఛ రావచ్చు. ఇక ఓడ లోపలంటారా, చాలా చోట్ల విప్పారి ఉంది, వెలుతురు కనిపించే దారుల్లో ఈదుకుంటూ దాటేయొచ్చు.

శిక్షకురాలు: నేను ఒప్పుకోను సర్. 80 ఏళ్లకు పైగా ఉప్పునీళ్లలో నానిన ఇనుమది. మనం వదిలే బుడగలు కప్పుకి తగిలితే చాలు, తుప్పు పెచ్చులు రాలతాయి. ఒక్కసారి ఫిన్ కిందికి కొట్టినా మడ్డి లేచి గాలి ఎంతుందో చూపే గేజ్ కూడా కనపడదు. శిక్షణ, తిరిగొచ్చే దారి చూపే రీలు తాడు, టార్చితో పాటు ఇంకో టార్చి లేనివాళ్లు బయటి నుంచే చూడాలి. ఉన్నవాళ్లకైనా గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ఆపదకి.

శిక్షకుడు: శిక్షణ లేనివాళ్ల విషయంలో మీ మాటే సరే.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, లయన్‌ఫిష్ అనే విషపు ముళ్ల చేప ముల్లు గుచ్చుకుంటే?

వైద్యుడు: ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. నొప్పి బాగా తగ్గుతుంది. దెబ్బ తగిలిన చోట స్పర్శ మొద్దుబారవచ్చు, కాబట్టి వేడి పక్కనున్నవాళ్లు చేత్తో చూడాలి. ఆ తర్వాత ఆసుపత్రికి.

వ్యాఖ్యాత: డైవ్ చేశాక తిరుగు విమానం ఎప్పుడు ఎక్కొచ్చు?

వైద్యుడు: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 ఆగాలి. విమానం సంగతి అందరికీ గుర్తుంటుంది, కొండ దారే ఎవరికీ తట్టదు. డైవ్ అవగానే కింతామణి కొండల మీదుగా ఉబుద్ ఊరికి పోతే సుమారు 1,500 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. డైవ్‌లో ఒంట్లోకి చేరి మిగిలిన నైట్రోజన్, ఎత్తుకెళ్లి గాలి ఒత్తిడి తగ్గితే బుడగలు కట్టొచ్చు. దానికి విమానమైనా కొండైనా ఒకటే. అమ్లాపుర మీదుగా దిగువ దారి పట్టమని డ్రైవర్‌కి ముందే చెప్పండి. కీళ్ల నొప్పి, తిమ్మిర్లు మొదలైతే మాత్రం ప్రయాణం మానేసి వెంటనే ఆక్సిజన్ పెట్టించుకోవాలి.