ఉప్పుగాలికి ఏది ఆగుద్ది?

తమ్ముడు: అందరికీ నమస్కారమండి! ఇప్పుడే అంతర్వేది నుంచి వచ్చి మైకు ముందు కూర్చున్నాం, అక్క ఇంజినీరింగ్ కాలేజీలో మెటీరియల్స్ పాఠం చెప్తుంది కదా, రేవు చూసిన దగ్గర్నుంచీ నాదొకటే డౌటు, ఎటు చూసినా ఫైబర్ పడవలేంటక్కా? ప్లాస్టిక్కే కదా అది?

అక్క: ఉత్త ప్లాస్టిక్ కాదురా. గాజు పోగుల్ని రెజిన్‌లో, అంటే ఆరాక గట్టిపడే జిగురులాంటి ద్రవంలో తడిపి పొరలు పొరలుగా పరుస్తారు. లాగితే పోగు బాగా తట్టుకుంటుంది గానీ పెళుసు, రెజిన్ ఏమో పోగులన్నిటినీ పట్టి ఉంచి బరువు పంచుద్ది. అదే కాంపోజిట్. మన కొబ్బరి పీచూ అంతే, సెల్యులోజ్ పోగులు, మధ్యలో లిగ్నిన్ జిగురు.

తమ్ముడు: అయినా అన్నిట్లో గట్టిది స్టీలే కదా?

అక్క: గట్టి అంటే ఏ గట్టి? వంగకుండా ఆగడమా, విరక్కుండా ఆగడమా, ఉప్పుగాలికి ఆగడమా? వంగకపోవడాన్ని గిగాపాస్కల్స్‌లో కొలుస్తాం, స్టీలు 200, అల్యూమినియం 70 దగ్గర, కానీ అల్యూమినియం బరువు స్టీల్లో మూడో వంతే. స్టీలు గొప్పేంటంటే విరిగే ముందు సాగుద్ది, వంగుద్ది, మనకి ముందే తెలిసిపోద్ది. పెంకు, ఇటుక లాంటి సిరామిక్స్ అలా కాదు, నొక్కితే మోస్తాయి, లాగితే చిన్న పగులు చాలు, టప్పున పోతాయి. కాంక్రీటూ ఆ తీరే, లాగుడు బలం నొక్కుడు బలంలో పదో వంతు. అందుకే లోపల స్టీలు చువ్వలేస్తాం, ఎండకి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి కాబట్టి విడిపోవు.

తమ్ముడు: మరి మన వరండా శ్లాబు...

అక్క: అదే చెప్పబోతున్నా. అమ్మ రోజూ కూర్చుని పూలు గుచ్చుకునే చోట అరచేయంత పెచ్చు ఊడిపడింది, పైకి చూస్తే చువ్వ ఎర్రగా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. దాని కింద కాంక్రీటు ఎంతుందో స్కేలు పెట్టి చూశా, 12 మిల్లీమీటర్లు! సముద్రపు గాలి తగిలే చోట ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం, చెప్పేది 45. ఉప్పు మెల్లగా దిగి చువ్వని చేరింది, తుప్పేమో ఇనుము కన్నా రెండింతలు పైనే చోటు అడుగుద్ది, ఆ తోపుడుకి కాంక్రీటు పగిలింది. అమ్మ అప్పుడే లోపలికి లేచెళ్ళింది కాబట్టి సరిపోయింది, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడే నాకు.

తమ్ముడు: చెరువుల దగ్గర పైపులకి ఆ బాధ లేదుగా?

అక్క: పాలిమర్లకి, అంటే ప్లాస్టిక్కులకి, తుప్పు లేదు, ఎండ బాధ ఉంది. రొయ్యల చెరువుల కాడ నల్ల పైపులు చూశావుగా, ఆ నలుపు కార్బన్ బ్లాక్, ఎండలోని యూవీ కిరణాల్ని అడ్డుకోడానికి. అవి కరిగించి మళ్ళీ పోయొచ్చు, పడవ రెజిన్ గట్టిపడ్డాక ఇక కరగదు.

తమ్ముడు: మేడ మీద స్టెయిన్‌లెస్ రెయిలింగో?

అక్క: స్టెయిన్‌లెస్‌లో 316 గ్రేడే అడుగు. 304 గ్రేడుకి ఉప్పుగాల్లో గోధుమరంగు మచ్చలొస్తాయి, 316లో ఉప్పుని తట్టుకోడానికి 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. ఇంకోటి, కొత్త శ్లాబు పోసే రోజు మేస్త్రీ వచ్చేలోపే నేనుంటా, చువ్వ కింద ఆ మందం ఉండేలా పెట్టే కవర్ బ్లాకులు నేనే కొలుస్తా, చువ్వల కింద కంకర ముక్కలు పెట్టనివ్వను.