ఇంట్లో కట్టుకున్న బైక్ లిఫ్ట్: బుల్లెట్ ఎక్కించి జాక్ వదిలేసి చూశాం

నమస్తే అండీ. ఈరోజు కొత్త బండీ కాదు, హెల్మెటూ కాదు, లిఫ్ట్. బైక్‌ని పైకి లేపి పెట్టుకుని నిలబడి పని చేసుకునేది, సర్వీస్ సెంటర్లలో చూస్తుంటారు కదా, అదే. కాకపోతే ఇది కొన్నది కాదు, సింగరాయకొండలో మా బావ ఇంటి వెనక రేకుల షెడ్డులో తనే కట్టుకున్నాడు. చాలా ఏళ్ళు లారీ బాడీలు కట్టే చోట వెల్డింగ్ చేసిన మనిషి, చెయ్యి తిరిగినోడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే వీడియో చూసి ఓస్ ఇంతేనా అనుకుని రేపు పొద్దున్నే పైపుల షాపుకు పోతారేమోనని.

నేను దీంట్లో చూడటానికి వచ్చింది ఒకటే. లేపుతుందా లేదా అన్నది పెద్ద విషయం కాదు, మంచి జాక్ పెడితే ఏదైనా లేస్తది. లేచాక దాని కింద చెయ్యి పెట్టి అరగంట పని చేసుకునేంత ధైర్యం వస్తుందా రాదా, అదీ చూడాల్సింది.

సరే, దగ్గరకు రండి. పైన పలక ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఫ్రేమ్ అంతా 40 బై 40 ఎంఎం స్క్వేర్ పైపు, మందం 3 ఎంఎం. పైన వేసింది 3 ఎంఎం చెకర్డ్ ప్లేట్, అంటే బస్సు మెట్ల మీద గళ్ళు గళ్ళుగా ఉంటది చూడండి, ఆ రేకు. ఆ పైపూ ఈ రేకూ కలిపి కదిలే భాగమే అరవై కిలోల దాకా ఉంటది. ప్లైవుడ్ వేసుంటే ఆ రేకు బరువులో సగం తగ్గేది కదా బావా అన్నా, ఆయిల్ తాగి ఉబ్బుద్ది అన్నాడు, నిజమే.

కింద బేస్‌కూ పైన పలకకూ మధ్య నాలుగు చేతులు ఉన్నాయి, ఒక్కోటి పిన్నుకూ పిన్నుకూ మధ్య 24 అంగుళాలు. ఉయ్యాల బల్లను తలకిందులు చేసినట్టు అనుకోండి, బల్ల ఎప్పుడూ సమంగానే ఉంటది కానీ నిటారుగా పైకి పోదు, ముందుకు ఊగుతా పైకి పోతది. కింద ఉన్నప్పుడు పలక నేల నుంచి 8 అంగుళాలు, పూర్తిగా లేస్తే 26. ఆ పద్దెనిమిది అంగుళాలు లేచేలోపు దాదాపు అడుగున్నర ముందుకు జరుగుద్ది. చాలామంది పట్టించుకోని సంగతి ఇదే. పలక ఏడడుగులు కదా, షెడ్డు తొమ్మిదడుగులుంది, సరిపోద్ది అనుకుంటారు. ముందుకు జరిగే అడుగున్నర, వెనక మూడడుగుల ర్యాంపు, బండి చుట్టూ మనిషి తిరిగే చోటు, ఇవన్నీ కలుపుకుంటే పద్నాలుగడుగుల పొడవు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు జాక్. చూడటానికి ఇంత బొద్దుగా సీసాలా ఉన్న, లోపల నూనెతో పనిచేసే ఈ బాటిల్ జాక్ 3 టన్నులది. బండి రెండొందల కిలోలు కూడా లేదు, మూడు టన్నులు ఎందుకని ఎవరైనా అడుగుతారు. లెక్క చూడండి. మేం ఎక్కించే బుల్లెట్, అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, బరువు 195 కిలోలు, పలక అరవై, మొత్తం 255. ఈ జాక్ రాడ్ బయటికొచ్చేది 5 అంగుళాలే, పలక లేవాల్సింది 18. అంటే జాక్ ఒక్క అంగుళం కదిలితే పలక మూడున్నర అంగుళాలకు పైన లేవాలి, ఆ లెక్కన జాక్ మీద పడే బలం కూడా అన్ని రెట్లు, దగ్గర దగ్గర 920 కిలోలు. అది కూడా సగటు. అసలు కష్టమంతా మొదట్లో, చేతులు బాగా పడుకుని జాక్ కూడా వాలి ఉన్నప్పుడు. మీరే చూడండి, హ్యాండిల్ మొదటి పది సార్లు ఎంత బరువుగా పోతుందో, పలక సగం ఎత్తుకొచ్చాక ఒంటి చేత్తో కొడుతున్నా. మర తిప్పి లేపే కారు స్టెప్నీ జాక్‌తో ఇలాంటివి కట్టి చూపించేవాళ్ళు ఉన్నారు. స్ప్లెండర్ అయితే 112 కిలోలే కాబట్టి లేస్తది, కానీ ఆ మర కొన్నాళ్ళకు అరుగుద్ది, అరిగిన మర మీద బండిని నిలబెట్టి కింద కూర్చోవడం నా వల్ల కాదు.

ఇంకొకటి. బాటిల్ జాక్ నిలువుగా పని చెయ్యడానికి చేసింది. వాల్చి బిగిస్తే పంపు ఉన్న వైపు కిందికి రావాలి, లేదంటే నూనె అందక ఎంత కొట్టినా గాలే తీసుకుంటది. బావ అట్టాగే బిగించాడు, ఇదిగో పంపు కింద వైపుకు ఉంది. ఒక్క ఇబ్బంది, హ్యాండిల్ కొట్టాలంటే వంగాలి. నడుము వంచే పని తప్పించుకోవడానికే కదా లిఫ్ట్ కట్టుకుంది, మళ్ళీ వంగోబెట్టావేంది బావా అంటే నవ్వుతాడు. కాలితో తొక్కే పెడల్ పెడతానన్నాడు, పెట్టినప్పుడు చూద్దాం.

లాక్ దగ్గరకు వద్దాం, నేను ఎక్కువ సేపు కూర్చుంది ఇక్కడే. కెమెరా కొంచెం కిందికి. ఈ పళ్ళ పట్టీ చూశారా, 50 ఎంఎం వెడల్పు, 8 ఎంఎం మందం ఇనుప పట్టీ, రెండేసి అంగుళాలకు ఒక పన్ను కోశాడు, లిఫ్టుకు అటో పట్టీ ఇటో పట్టీ. పలక లేస్తుంటే పట్టీ తన బరువుకు తనే ఈ అడ్డ పిన్ను మీద టక్ టక్‌మని పడుకుంటా పోతది. పిన్ను 20 ఎంఎం బ్రైట్ బార్, అంటే నునుపుగా ఉండే ఇనుప కడ్డీ. పళ్ళ మూలల్లో పెయింట్ లేచిపోయి తెల్లగా మెరుస్తుంది, అంటే బరువు నిజంగా అక్కడే ఆనుతుందన్నమాట. పెయింట్ చెక్కు చెదరకుండా ఉంటే అనుమానపడాలి.

పరీక్ష చాలా మామూలుది. బుల్లెట్ ఎక్కించాం, ముందు చక్రం క్లాంపులో బిగించాం, హ్యాండిల్ దగ్గర రెండు వైపులా రాట్చెట్ బెల్టులు, అంటే పిడి ఆడిస్తే బిగుసుకునేవి, కట్టాం. పైకి లేపి జాక్ వాల్వ్ పూర్తిగా తిప్పేశాం. ఇదిగో... దిగింది, ఒక వేలు మందం కూడా లేదు, పన్ను మీద కూర్చుంది, అంతే. జాక్ రాడ్ చేత్తో పట్టుకుని కదిపితే లొడలొడ కదులుతుంది, దాని మీద ఇప్పుడు కిలో బరువు కూడా లేదు. లిఫ్ట్ అంటే ఇట్టా ఉండాలి. హైడ్రాలిక్ జాక్ ఎంత మంచిదైనా సీల్ దగ్గర కొద్దిగా వదులుతానే ఉంటది, రాడ్ చుట్టూ సన్నగా నూనె గీత చూడండి ఇక్కడ. రాత్రి లేపి పెట్టి పొద్దున వస్తే రెండంగుళాలు దిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. లాక్ లేకుండా జాక్ ఒక్కదాన్నే నమ్మి కట్టిన లిఫ్టుకు నేను మార్కులే వెయ్యను.

దించేటప్పుడు వాల్వ్ పావు మలుపు కంటే ఎక్కువ తిప్పొద్దు, నెమ్మదిగా. వాల్వ్ హ్యాండిల్ పట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ పలక దగ్గర ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు. ఈ నాలుగు చేతుల మధ్య వేలు పడితే కత్తెరే.

ఊగుడు సంగతి. బండి పైన ఉండగా పక్క నుంచి నెట్టాను, కాస్త గట్టిగానే. బేస్ పలక కంటే వెడల్పుగా ఉంది, పైగా రెండు వైపులా బయటికి లాగే కాళ్ళున్నాయి కాబట్టి పడిపోతుందన్న భయం లేదు, కానీ జారింది. షెడ్డులో చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పరిచారు, ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఉండేవే, పాలిష్ రాయి మీద రెండు చుక్కలు ఆయిల్ పడిందా ఇక అంతే. పాత లారీ టైరు కోసి కాళ్ళ కింద పెట్టాక మళ్ళీ నెట్టాను, కదల్లేదు. కడప బండలున్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోండి, బండ కింద గుల్లగా ఉంటే కాలు పడ్డచోట పగులుద్ది, సుత్తితో తట్టి చప్పుడు విని పెట్టుకోండి. వెనక యాక్సిల్ నట్టు లాంటి బిగువైనవి మాత్రం బండి కింద ఉండగానే వదులు చేసి ఆ తర్వాత లేపండి. పైన పెట్టి పొడుగు పానాతో గుంజితే ఏ లిఫ్టయినా ఊగుద్ది.

నాకు నచ్చనిది క్లాంపు. ముందు చక్రాన్ని పట్టి ఉంచేది అదే కాబట్టి ముందు చక్రం తియ్యాలంటే కుదరదు. సెంటర్ స్టాండ్ ఉన్న బండైతే స్టాండ్ వేసి ఇంజిన్ కింద ఆనిక పెట్టి తియ్యొచ్చు, పల్సర్ ఎన్‌ఎస్200 లాంటి సెంటర్ స్టాండ్ లేని బండికి మళ్ళీ వేరే ఏర్పాటు కావాలి. వెనక చక్రానికి మాత్రం బాగా ఆలోచించాడు, పలక చివర ఈ ముక్క రెండు బోల్టులు విప్పితే ఊడొస్తది, చక్రం నేరుగా కిందికి జారుద్ది. స్కూటర్లకు ఇంకో తిప్పలు ఉంది, ర్యాంపు పైకెక్కే మలుపులో పొట్ట రాసుకుంటది. ర్యాంపు ఇంకో అడుగు పొడుగుండాలి.

ఖర్చు. ఇనుము మొత్తం వంద కిలోల లోపు, కిలో డెబ్బై చొప్పున ఏడు వేల దాకా అయింది. జాక్, లేత్‌లో తిప్పించిన బుష్‌లు, పిన్నులు, బెల్టులు, 6013 వెల్డింగ్ రాడ్లు, గ్రైండింగ్ చక్రాలు, రెడ్ ఆక్సైడ్, పెయింట్ అన్నీ కలిపి పదమూడు వేలలోపు తేలింది. మేం అడిగినచోట రెడీమేడ్ లిఫ్ట్ ముప్పై వేల పైనే చెప్పారు. బావ కూలి ఇందులో లేదు. బయట వెల్డర్‌తో చేయిస్తే ఆ తేడాలో సగం అక్కడే పోద్ది. రెడ్ ఆక్సైడ్ మాత్రం రెండు పూతలు వెయ్యండి, పక్కనున్న పాకల ఊరి సముద్రం గాలి ఇక్కడిదాకా కొడుతుంది, కోసిన అంచులు వారంలో ఎర్రబడతాయి. మిగిలిపోయిన జీఐ, అంటే జింకు పూత ఉన్న, నీళ్ళ పైపులున్నాయి కదా అని వాటితో కట్టకండి, వెల్డింగ్ చేసేటప్పుడు ఆ జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం వస్తది, పైగా అతుకు కూడా సరిగా పట్టదు.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో రెండు మూడు బళ్ళుండి, చైన్ నుంచి క్లచ్ దాకా తనే చూసుకునేవాళ్ళకి, వెల్డింగ్ వచ్చినవాళ్ళకి, లేదా వచ్చిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకి. నెలకోసారి చైన్‌కు నూనె రాసుకునేవాళ్ళు వెనక చక్రాన్ని నేల నుంచి కాస్త లేపి పట్టే ప్యాడాక్ స్టాండ్ ఒకటి కొనుక్కోండి, చాలు. నేనైతే కట్టించుకుంటా, కానీ పెడల్ పెట్టాకే, క్లాంపు మార్చాకే. కొలతలన్నీ బావ పాత క్యాలెండర్ వెనక గీశాడు, దాన్ని ఫొటో తీసి కింద పెడతా, పిన్నుల దూరాలు మాత్రం మీ జాక్ పొడవు కొలిచి మార్చుకోండి, మక్కీకి మక్కీ దించకండి. వచ్చే వీడియోలో ఎన్‌ఎస్ ఎక్కిస్తాం. ఉంటానండీ.