బూజుతోటకు కాపలా: ఆకుకోత చీమల పెంపకం

సభకు నమస్కారం.

ఆకుకోత చీమలను పెంచాలనుకునే వారందరూ మొదట అడిగేది, వాటికి ఆహారంగా ఏం పెట్టాలి అని. మనం ఆకులు వేస్తాం, చీమలు వాటిని ముక్కలుగా కోసి లోపలికి మోసుకుపోతాయి. అయితే ఆ ఆకులు వాటి భోజనం కావు, చీమలు సాగు చేసే ఒక శిలీంధ్రానికి, అంటే బూజుకు, ఎరువు మాత్రమే. కోసేటప్పుడు ఊరే రసాన్ని పెద్ద చీమలు తాగుతాయి గానీ, పెరిగే పిల్లపురుగులకు ఆ బూజే సర్వస్వం. అందువల్ల ఈ చీమలను పెంచడమంటే నిజానికి ఒక బూజుతోటను బతికించుకోవడమే. ఈ మాట మనసుకు ఎక్కని వారి దగ్గర, ఎంత ఖరీదైన పెట్టె కొన్నా, చీమల కుటుంబం నిలవదు.

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఈ చీమల బారులను చూసిన వారు చాలాకాలం అవి ఆకులే తింటాయని నమ్మారు. నికరాగ్వాలో వాటి గూళ్లను తవ్వి చూసిన ఆంగ్లేయ ప్రకృతి పరిశీలకుడు థామస్ బెల్ట్, అవి ఆకులతో బూజు పెంచుకుని తింటాయని 1874లో రాశారు. బ్రెజిల్‌లో జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మోలర్ 1893లో ఆ సంగతిని సవివరంగా నిరూపించారు.

తోట పుట్టుకను దగ్గరగా చూడగలగడం పెంపకందారుకు దక్కే గొప్ప భాగ్యం. పుట్టింటి నుంచి ఎగిరివచ్చే రాణి తన నోటి లోపలి చిన్న సంచిలో చిటికెడైనా లేని బూజు ఉండను వెంట తెచ్చుకుంటుంది. ఆకుకోత చీమల్లో ఒకటైన అట్టా జాతి రాణి ఆ ఉండను ఉమ్మి, దాని మీద తన మలద్రవపు చుక్కలు వేసి పెంచుతూ, తాను మాత్రం పెట్టిన గుడ్లలో ఎక్కువ భాగాన్ని తానే తింటూ, తొలి పనిచీమలు వచ్చేదాకా బయటికి రాకుండా గడుపుతుంది. ఆ రోజుల్లో గంటకోసారి మూత తీసి చూసే వారి ఆత్రమే దానికి ప్రాణాంతకం. మరొకటైన అక్రోమిర్మెక్స్ జాతి రాణి అలా కాదు. అది స్వయంగా ఆకుముక్కలకు బయటికి వస్తుంది కనుక, మొదటి రోజు నుంచే లేత ఆకు అందుబాటులో ఉంచాలి. కొత్తవారు ఈ రెండో జాతితో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దాని కుటుంబం వేలల్లో ఆగుతుంది, అట్టా కుటుంబం లక్షలు దాటుతుంది.

తోట ఉండే గదిలో ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలిలో తేమ 90 శాతానికి పైన ఉండాలి. అయితే తేమ వేరు, తడి వేరు. గాజు గోడల మీద నీటి చుక్కలు పేరుకుని తోట మీదికి జారితే అక్కడ మెత్తబడి కుళ్లుతుంది. ఆకులు వేసే పెట్టె, చెత్త పెట్టె మాత్రం పొడిగా, తోటకు దూరంగా, గొట్టాలతో కలిపి ఉండాలి. చెత్త పెట్టెను చిన్నచూపు చూడకండి. ఎస్కోవోప్సిస్ అనే మరో బూజు ఈ తోటలనే పట్టి పీడిస్తుంది. అక్రోమిర్మెక్స్ చీమల ఒంటి మీద తెల్లపొడిలా కనిపించే బాక్టీరియా దాన్ని అణిచే మందు తయారుచేస్తుందని 1999లో పరిశోధకుడు కామెరాన్ కర్రీ బృందం వెల్లడించింది. అంతటి కాపలా ఉన్న చీమలే చెత్తను తోటకు దూరంగా మోసుకుపోతున్నాయంటే, మనం దాన్ని పేరుకుపోనివ్వకూడదు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి పురుగుమందు కొట్టారో లేదో కనుక్కోకుండా గులాబీ ఆకులు వేశాను. మొదటి రోజు చీమలు ఉత్సాహంగా మోశాయి. మర్నాటికి తోట పైఅంచు బూడిదరంగు నుంచి గోధుమరంగుకు తిరిగింది, చిన్నచీమలు అక్కడి ముక్కలను ఒక్కొక్కటే పీకి చెత్తలో వేశాయి. ఆ తరువాత మంచి గులాబీ ఆకు పెట్టినా వారాల తరబడి మీసాలతో తడిమి వదిలేశాయి. తోటకు చేటు చేసిన ఆకును చీమలు ఆలస్యంగా గుర్తించి, తరువాత చాలాకాలం తిరస్కరిస్తాయని పరిశోధకులు కూడా చూపించారు. ఆ ఆలస్యంలోనే పెంపకందారుకు ప్రమాదం ఉంది: అవి మోస్తున్నాయి కదా అని ఆకు మంచిదనుకోకూడదు, మర్నాడు తోట రంగు చూశాకే నిశ్చయించుకోవాలి.

ఇక పెట్టె సంగతి. ఈ చీమల దవడలు మెత్తని రబ్బరునూ, సిలికాన్‌నూ కొరికేస్తాయి. అంచులకు జారుడు పూత పూయడమే కాక అతుకులన్నీ తరచూ తడిమి చూడాలి. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో 1954లో తొలిసారి కనిపించిన అక్రోమిర్మెక్స్ ఆక్టోస్పినోసస్ అనే ఆకుకోత చీమ అక్కడి తోటలకూ అడవులకూ తెగులై కూర్చుంది. కనుక మీ దేశంలో వీటిని పెంచేందుకు అనుమతి అవసరమా అన్నది రాణిని తెచ్చుకోకముందే తెలుసుకోండి. తీసిన చెత్తను కూడా ఆరుబయట పారవేయకుండా గట్టిగా మూతపెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. అట్టా రాణి పదేళ్లకు పైగా బతకగలదు. అది పోయిన రోజు నుంచి కొత్త గుడ్లు ఉండవు, వేరే రాణిని ఇచ్చినా పనిచీమలు సాధారణంగా స్వీకరించవు. అవి నెలల తరబడి తోటను సాకుతూనే ఉంటాయి, మీరూ అప్పటిదాకా ఆకులు వేస్తూనే ఉండండి. చివరికి మిగిలిన దాన్ని, చీమలూ బూజూ కలిపి, అదే ఫ్రీజర్‌లో ఉంచి ముగించండి.